ముందటి మాపు

సెప్టెంబరు 2

ఈ డైరీ ప్రెస్సు ఓనరు జనవరిలో ఇచ్చాడు. ఎనిమిది నెలలు తెల్లగానే ఉంది. ముప్ఫై ఏళ్ళుగా ఇంకొకళ్ళ రాతల్లో తప్పులు ఏరుకు బతికేవాడికి సొంతంగా ఒక వాక్యం రాయాలంటే చెయ్యి రాదు. రాసేలోపలే దిద్దేస్తుంది. ఇవాళ మాత్రం రాయాలి. పైకి చెప్పుకునేది కాదు మరి.

నిన్న ప్రార్థన అయ్యాక మా బావమరిది లేచి నిలబడ్డాడు. బళ్ళో లెక్కలు చెబుతాడు, అందుకని లోకంలో ప్రతిదీ తేలి తీరాలంటాడు. గ్రంథంలో రెండు చోట్ల రెండు మాటలున్నాయన్నాడు. ఉపవాసపు పండుగ ఏడో నెల 'తొమ్మిదో నాటి మాపున ఆరంభింపవలెను' అని తొమ్మిదో అధ్యాయం. 'పదో నాటి మాపున ఆరంభింపవలెను' అని నాలుగో అధ్యాయం. నిండా ఒక రోజు తేడా. ఇన్నేళ్ళూ అలవాటు కొద్దీ తొమ్మిదో నాటి సాయంత్రమే మొదలుపెట్టి పదో నాటి సాయంత్రం విడుస్తున్నాం కదా, మరి నాలుగో అధ్యాయం ఏం పాపం చేసింది అని అడిగాడు.

పెద్దాయన పుస్తకం తెరిచి అటు చూశాడు, ఇటు చూశాడు. మందిరానికి పెద్ద అయి పదకొండేళ్ళయినా ఆయనకి మూలభాష రాదు. అది వచ్చిన చివరి మనిషి పాత పెద్దాయన, పోయాడు. "ఆలోచించి చెబుతాను" అన్నాడు. అక్కడే దెబ్బతిన్నాడు. ఏదో ఒకటి అప్పుడే చెప్పేస్తే పోయేది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చివరి వరసలో నా చెయ్యి నా చొక్కా గుండీల మీదకి పోయింది. ఎవరూ చూళ్ళేదు.

సెప్టెంబరు 3

నలభై ఏడో పేజీ. పుస్తకం తియ్యకుండానే గుర్తుంది.

సెప్టెంబరు 8

ఇంట్లో కూడా ఇదే గోల. తమ్ముడు ఏం మాట్లాడినా మా ఆవిడకి వేదం, పెద్దాయన ఏం మాట్లాడినా వేదమే. ఇద్దరూ చెరో మాటా అంటే ఏం చెయ్యాలో తెలీక పొద్దుటినుంచి గిన్నెలు తోమినవే తోముతోంది.

ఆవిడ కిడ్నీలు రెండూ సగం కూడా పనిచెయ్యడం లేదు. నాలుగేళ్ళయింది. ఈ పండుగకి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు, ఒక సాయంత్రం నించి మర్నాటి సాయంత్రం దాకా. డాక్టరమ్మ మొదటి ఏడే వద్దంది. మా ఆవిడ ఆ గదిలోనే బేరం పెట్టుకు కూర్చుంది, కూరలు కొన్నట్టు. చివరికి ఒక్క రోజుకి ఒప్పించింది, మాత్రలూ గుటకెడు నీళ్ళూ వేసుకునే షరతు మీద. ఆ గుటకెడు నీళ్ళు తాగిందా లేదా అని నేను ఎప్పుడూ అడగలేదు.

సెప్టెంబరు 12

ఆ పుస్తకానికి అక్షరాలు కూర్చింది పొట్టి కంపోజిటరు. మంచి పనివాడే గానీ మధ్యాహ్నం దాటితే చెయ్యి తడబడేది. పోయి చాలా ఏళ్ళయింది. చచ్చినవాణ్ణి ఏమీ అనకూడదు. రాతప్రతి కూడా ప్రెస్సులోకి నీళ్ళొచ్చిన ఏడాది పోయింది. ఇప్పుడు ఎవరి తప్పో తేల్చడానికి ఆధారమే లేదు.

సెప్టెంబరు 13

ఉంది. మంచం కింద ట్రంకుపెట్టెలో, ప్రూఫు కాగితం. ఎర్రసిరా నాది.

సెప్టెంబరు 14

ఒకసారి ఉన్నది ఉన్నట్టు రాసేస్తే తిన్నగా ఊపిరాడుతుందేమో.

ఇరవై తొమ్మిదేళ్ళ కిందట. పెళ్ళయి రెండేళ్ళు. పాత పెద్దాయన మూలం నించి తిప్పి రాసిన గ్రంథం అచ్చవుతోంది. సీసం అక్షరాలు, ఎనిమిదేసి పేజీలు ఒక ఫారం. పండుగకి వారం ఉంది. నాలుగో అధ్యాయం నలభై ఏడో పేజీ అడుగున అయిపోవాలి. అవలేదు. 'ఆరంభింపవలెను' అన్న ఒక్క మాట పక్క పేజీ మీదకి జారింది. ఆ ఒక్క మాట కోసం ఒక వరస పెరిగితే వెనక పేజీలన్నీ జరపాలి. అప్పటి ఓనరు తలుపు దగ్గర నిలబడి అరుస్తున్నాడు. పొట్టి కంపోజిటరు నా మొహంలోకి చూశాడు, ఏదో ఒకటి తియ్యండి అన్నట్టు.

రాతప్రతిలో ఉన్నది 'పదో నాటి ముందటి మాపున'. అంటే పదో రోజుకి ముందు వచ్చే సాయంత్రం. అంటే తొమ్మిదో నాటి సాయంత్రమే. రెండు అధ్యాయాలూ ఒక్కటే చెబుతున్నాయి. తేడా ఏమీ లేదు.

నేను 'ముందటి' కొట్టేశాను. నాటి, ముందటి, రెండు 'టి'లు పక్కపక్కన పడి చెవికి బాగాలేదు అనుకున్నట్టు కూడా గుర్తు. కొట్టేశాక వరస ముద్దుగా కుదిరింది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మా ఆవిడతో ఇవాళ ఒక ఫారం కాపాడానని గొప్పగా చెప్పుకున్నాను.

పాత పెద్దాయనకి గ్రంథం అంతా నోటికి వచ్చు. అచ్చయిన పుస్తకం ఆయన ఎప్పుడూ చూసి చదవలేదు. కొత్తవి వచ్చాక పాత రాతపుస్తకాలన్నీ మర్యాదగా పూడ్చిపెట్టారు.

రాశాను. ఊపిరేమీ ఆడలేదు.

సెప్టెంబరు 20

ఇప్పుడు మనుషులకి పేర్లు పోయి అంకెలొచ్చాయి. తొమ్మిదోళ్ళు, పదోళ్ళు. పదోళ్ళ మంగలి తొమ్మిదోళ్ళకి గడ్డం గియ్యనంటున్నాడు. ఒక తొమ్మిదో అమ్మాయికి పదో ఇంట్లో కుదిరిన సంబంధం నిలిచిపోయింది. పెద్దాయన తొమ్మిదన్నాడు, అదీ పద్దెనిమిది రోజులు ఆలోచించి. ఆ పాటికి మా బావమరిది వెనక సగం మంది చేరిపోయి, బట్టల కొట్టు పైన గది తీసుకుని విడిగా ప్రార్థన పెట్టుకున్నారు. మెట్ల మీద నన్ను చూసి, "నువ్వు ఎటు బావా?" అన్నాడు. నేను వ్యాకరణం వైపు అన్నాను. నవ్వాడు.

రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ తేల్చేసింది. "ఏది నిజమో మనకేం తెలుసండీ. రెండూ ఉంటే పోలా."

రెండు రోజులు. మా ఏడో నెల తొమ్మిదోది ఈసారి అక్టోబరు పదకొండున పడింది. ఆ సాయంత్రం నించి పదమూడో తారీకు సాయంత్రం దాకా. నీళ్ళు లేకుండా.

సెప్టెంబరు 24

ఆసుపత్రి. డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టి ఆవిడ చేతులు పట్టుకుంది. రెండు రోజులు నీళ్ళు లేకపోతే ఈ కిడ్నీలు మళ్ళీ లేవవు, నేనేమీ చెయ్యలేను, అర్థమైందా అమ్మా అంది. మా ఆవిడ బుద్ధిగా తలూపింది. బయటికొచ్చాక వరండా బెంచీ మీద కూర్చుని చెప్పులు సరిచేసుకుంటూ, "పాపం చిన్న పిల్ల, ఆవిడకేం తెలుస్తుంది" అంది.

గట్టిగా కేకలేశాను. నీకు ప్రాణం మీద తీపి లేదా అన్నాను. తప్పు రోజున ఉంటే ఉన్నట్టూ కాదు, ఉండాల్సిన రోజున తిన్న పాపమూ పోదు, నలభై ఏళ్ళు ఉన్నదంతా బూడిదలో పోసిన పన్నీరు అవుతుంది అంది. మెల్లగానే అంది. బెంచీ మీద జనం మా వంకే చూస్తున్నారు.

ఒక్క మాట చెబితే చాలు. రెండో రోజు లేనే లేదు, నేను పుట్టించాను అని. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. నా కాళ్ళ మీదే కదా, పడనీ. ఎల్లుండి చెబుతాను. ఆవిడ నీరసం తగ్గనీ.

సెప్టెంబరు 27

మంచం కింద చెదలు పట్టింది. ట్రంకుపెట్టెలో పాత కాగితాలన్నీ తీసి డాబా మీద తగలబెట్టాను. ఇల్లు శుభ్రంగా ఉండాలి.

సెప్టెంబరు 28

చెదలు నిజంగానే ఉంది. మంచం కోడు కింద చూశాను. కొంచెం.

అక్టోబరు 1

పెద్దాయన ఇంటికెళ్ళాను, చెప్పేద్దామనే. మనిషి పదేళ్ళు పెద్దవాడైపోయాడు. మందిరం తన చేతుల్లో రెండు ముక్కలైందని ఏడ్చాడు. నేను ఏం మాట్లాడానయ్యా అంటే, మందిరంలో పుస్తకాల కుట్లు ఊడిపోతున్నాయి, బైండింగు చేయించాలి అని. అరగంట. టీ ఇచ్చారు.

అక్టోబరు 5

రేపు.

అక్టోబరు 6

రేపు.

అక్టోబరు 7

రేపూ మాపూ అంటారు కదా. ఆ మాపు ఇదే మాపు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎప్పుడూ తట్టలేదు.

అక్టోబరు 9

అసలు రెండు రోజులు ఉండడం ఆవిడ వల్ల కాదు. మొదటి రోజుకే ఒళ్ళు తూలిపోతుంది, తనే మానేస్తుంది. చెప్పి ఇంతమందిలో రచ్చ చేసుకోవడం దేనికి. మందిరం సంగతి మందిరం చూసుకుంటుంది.

మా ఆవిడ ఇవాళ ఆవగింజంత కూడా చిరాకు పడకుండా ఇల్లంతా కడిగింది. కాళ్ళు వాచి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది.

అక్టోబరు 11

సాయంత్రం ఆరున్నరకి ఉపవాసం మొదలు. ఇద్దరం చెరో గ్లాసుడు నీళ్ళు తాగాం. గ్లాసులు బోర్లించింది.

అక్టోబరు 12, మధ్యాహ్నం

ఆవిడ పడుకుంది. పెదాలు ఎండిపోయాయి. నేను పొద్దున పాలకేంద్రం దాకా వెళ్ళొచ్చాను, ఊరికే నడుద్దామని.

అక్టోబరు 13, పొద్దున

నిన్న సాయంత్రం రాయాల్సింది ఇప్పుడు రాస్తున్నాను.

ఆరున్నర అయ్యింది. తొమ్మిదోళ్ళ మందిరంలో గంట కొట్టారు, విడవచ్చని. అదే నిమిషానికి బట్టల కొట్టు మీద పదోళ్ళ గంట, మొదలుపెట్టమని. నేను గ్లాసు నిండా నీళ్ళు పట్టుకుని మంచం దగ్గర నిలబడ్డాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

చెప్పేశాను. గ్లాసు పట్టుకునే చెప్పాను, నలభై ఏడో పేజీ, జారిన మాట, ఎర్రసిరా, అన్నీ. కాగితం తగలబెట్టింది కూడా. చెప్పినంతసేపూ కళ్ళు మూసుకుని వింది. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"ఏ మాట?" అంది.

"ముందటి."

"మూడక్షరాలు."

"ఆఁ."

"మూడక్షరాలకి చోటు లేకపోయిందా మీకు."

ఆవిడ కళ్ళు తెరిచి, నెలన్నర నించి తెలిసే నా పక్కన కూర్చుని అన్నం తింటున్నారా అని అడిగింది. కోపంగా కూడా కాదు, లెక్క సరిచూసుకున్నట్టు. అవునన్నాను. ఇప్పుడు తెలిసిందిగా, రెండో రోజు లేదు, అది నా తప్పు, తాగు అని గ్లాసు పెదాలకి ఆనించాను. మొహం పక్కకి తిప్పుకుంది. కొంచెం నీళ్ళు దిండు మీద ఒలికాయి.

"అందరినీ విడదీశారు. దేవుడి పుస్తకంలో చెయ్యి పెట్టారు. దానికి ఎవరో ఒకరు ఉండాలి కదండీ."

నేనుంటానన్నాను. ఇప్పటినుంచి నేను పచ్చి మంచినీళ్ళు ముట్టను, నువ్వు తాగు అన్నాను.

"మీవల్ల కాదు. పొద్దున బయటికెళ్ళి టీ తాగొచ్చారు. వాసనొచ్చింది." నా చెయ్యి మీద చెయ్యేసింది. వేడిగా ఉంది. "నిన్నటిది దేవుడికి ఉన్నాను. ఇవాళ్టిది మీకోసం ఉంటాను."

బతిమాలాను. కాళ్ళు పట్టుకున్నాను. తిట్టాను కూడా. ఆగస్టులో చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేదాన్ని అంది. ఆగస్టులో ఈ గొడవే లేదు, సెప్టెంబరులో కదా మొదలైంది, కానీ ఆ మాట దిద్దలేదు.

ఇప్పుడు పదకొండయింది. పిలిస్తే పలుకుతోంది.

అక్టోబరు 13, మూడు గంటలు

పిలిస్తే పలకడం లేదు. ఆటో వచ్చింది.

అక్టోబరు 15

గొట్టాలు. డాక్టరమ్మ నాతో మాట్లాడటం లేదు, నర్సుతో చెప్పిస్తోంది. బావమరిది వరండాలో నేల మీద కూర్చుని ఉన్నాడు. నీళ్ళ సీసా తెచ్చి నాకిచ్చాడు. తాగాను.

అక్టోబరు 17

పొద్దున ఐదుంపావుకి పోయింది.

అక్టోబరు 19

నిన్న శవం దగ్గరికి రెండు గంపులూ వచ్చాయి. గుంపులూ. దిద్దలేదు, కొట్టేసి రాయడం ఇష్టం లేక అలాగే వదిలాను. పెద్దాయన ఒక పక్క, మా బావమరిది ఒక పక్క పాడె మోశారు. నెలన్నర నించి మొహాలు చూసుకోని వాళ్ళు భుజం మార్చుకోవడానికి ఒకళ్ళనొకళ్ళు పిలుచుకున్నారు.

మట్టి వేశాక పెద్దాయన మాట్లాడాడు. మనం ఏ రోజని కొట్టుకున్నాం, ఈ తల్లి రెండు రోజులూ ఉండి చూపించింది, గ్రంథంలో విరోధం లేదు, మన ప్రేమలో కరువుంది అంతే, రెండు చోట్ల రెండు రోజులు చెప్పిందంటే రెండు రోజులూ ఉండమనే అర్థం అన్నాడు. వచ్చే ఏడాది నించి అందరం కలిసి రెండు రోజులూ ఉందాం. బావమరిది ఏడుస్తూ ఆయన చేతులు పట్టుకున్నాడు. లెక్క తేలిపోయింది వాడికి.

అందరూ ఏడుస్తున్నారు, సంతోషంగా. నాకు దొంగకి తేలు కుట్టినట్టుగా ఉంది.

నవంబరు 3

ఇవాళ ప్రార్థన అయ్యాక లేచి నిలబడ్డాను. అంతా చెప్పాను. రెండో రోజు లేదు, అది నా చేతి తప్పు, అక్కడ 'ముందటి' అన్న మాట ఉండాలి అన్నాను.

బావమరిది మెల్లగా, "ఆ కాగితం ఉందా బావా?" అన్నాడు.

"తగలబెట్టాను."

వాడు పెద్దాయన వంక చూశాడు, పెద్దాయన ఆడవాళ్ళ వంక చూశాడు, ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఎవరో మంచినీళ్ళు తెచ్చారు. పెళ్ళాం పోయిన మనిషి, తప్పంతా నెత్తిన వేసుకుంటున్నాడు అని వెనక నించి వినిపించింది, ఎంతో జాలిగా. నా భుజాలు పట్టి కూర్చోబెట్టారు.

నేను వదల్లేదు. బయట మెట్ల దగ్గర పెద్దాయన్ని ఆపి, ఒట్టేసి చెబుతున్నాను, నిజం అన్నాను. ఆయన నా మొహంలోకి చాలాసేపు చూశాడు. నమ్మాడనుకుంటాను. ఇంకా పాడుగా ఉంది అలా అనుకుంటే.

"నాయనా, ఆ మాట నీ చేత్తోనే పోయిందనుకుందాం. ఆ వేళ నీ చెయ్యి ఎవరి చేతిలో ఉంది?" అన్నాడు. "మందిరం మళ్ళీ ఒకటైంది. ఇప్పుడు దాన్ని ముట్టుకోకు."

నవంబరు 27

వచ్చే ఏడాది కేలండరు ప్రూఫు ఓనరు పంపించాడు. ఏడో నెలలో పక్కపక్కన రెండు గడులు ఎర్రగా ఉన్నాయి. రెండోది కొట్టేసి పంపాను.

నవంబరు 30

రెండో ప్రూఫు. రెండు గడులూ ఎర్రగానే ఉన్నాయి. ఓనరు ఫోను చేసి, మాస్టారూ, పెద్దాయన స్వయంగా చెప్పారండీ, మీరు అక్షరదోషాలు మాత్రం చూడండి చాలు అన్నాడు.

అక్షరదోషాలు లేవు. సంతకం పెట్టాను.

డిసెంబరు 6

సంతకం ఎందుకు పెట్టానో రాద్దామని కూర్చున్నాను. జీతం కోసం కాదు. అలవాటు అనుకుంటాను. లేకపోతే పిరికితనం. రెండూ ఒకటే అయిపోయాయి ఈ వయసుకి. ఇంట్లో చప్పుడు లేదు. పిల్లలు ఉంటే ఈపాటికి వాళ్ళెవరైనా నన్ను తిట్టి ఉండేవాళ్ళు.

డిసెంబరు 14

కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ ఉంది. మా ఆవిడ కంటే పదేళ్ళు చిన్న. షుగరు, పూటపూటా సూది పొడుచుకుంటుంది. వచ్చే ఏడు తనూ రెండు రోజులూ ఉంటానని మొక్కుకుందని విన్నాను. ఇవాళ మధ్యాహ్నం దిగి వెళ్ళాను.

మిషను ఆపి కుర్చీ వేసింది. కూర్చోలేదు. గుమ్మంలో నిలబడే చెప్పాను. మీరు ఉండకండమ్మా, ఉండాల్సింది ఒక్క రోజే, దానికీ మీ డాక్టర్ని అడగండి, రెండోది నా వల్ల వచ్చిన తప్పు, మా ఆవిడకి కూడా ఇదే చెప్పాను అన్నాను.

ఆవిడ నోట్లో ఉన్న గుండుసూది తీసి సూదుల దిండుకి గుచ్చింది. నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూళ్ళేదు. నమ్మింది. మా ఆవిడ తరవాత నమ్మిన మొదటి మనిషి.

"మరి చెప్పాక కూడా ఆవిడ ఎందుకుందండీ?"

"నాకోసం" అన్నాను.

కుడుతున్న చొక్కా ఒళ్ళోకి లాక్కుని చేత్తో సాపు చేసుకుంది. మొగుడిది, మంచాన పడి ఏడాదైంది ఆయన.

"నేనూ ఉండేది దేవుడి కోసం కాదులెండి" అని మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.